గోడ ప్లగ్గు నుంచి కొత్తవాడ జంపఖానా దాకా

నేటి ప్రసంగానికి విషయం పాత హై-ఫై సెట్టు. రికార్డు ప్లేయరు, యాంప్లిఫయరు, టేప్ డెక్కు, రెండు స్పీకర్ పెట్టెలు కలిసి ఇంట్లో పాట వినిపించే ఏర్పాటును 1960ల నుంచి 1980ల దాకా ఆ పేరుతో పిలిచేవారు. హై-ఫై అనేది హై ఫిడెలిటీకి కుదింపు. మైకు ముందు గాయకుడు పాడినదానికీ, ఇంట్లో స్పీకరు వినిపించినదానికీ తేడా ఎంత తక్కువైతే సెట్టు అంత మంచిదని దాని భావం. వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో అటక మీద నుంచి అలాంటి సెట్టును దింపి, తుడిచి, మళ్ళీ పాడించాలనుకునేవారికి మొదట తోచే ఆలోచన, ఇంకా పెద్ద యాంప్లిఫయరు కొనాలని, ఇంకా పెద్ద స్పీకర్లు తేవాలని. ఈ ప్రసంగం సూచించే వరస దానికి ఎదురుగా ఉంటుంది. ముందు అడ్డు తీయాలి, ఆ తరువాతే కొత్తది కొనాలి. చిత్తు కాగితం మీద రాసుకునే అలవాటున్న శ్రోతలు ఈ ఒక్క మాట రాసుకుంటే చాలు. తక్కినదంతా దాని వివరణే.

ఈ ప్రాంతపు ఇళ్ళలోకి ఇటువంటి సెట్లు మూడు దారుల్లో వచ్చాయి. మొదటిది దేశీయ కంపెనీల దారి. విదేశీ సామాను దిగుమతి మీద గట్టి ఆంక్షలున్న ఆ రోజుల్లో హెచ్.ఎం.వి. రికార్డు ప్లేయర్లు, ఫిలిప్స్ సెట్లు, కలకత్తాలో తయారైన సోనోడైన్, ఇంకా కాస్మిక్ వంటివి దుకాణాల్లో దొరికేవి. రెండవది గల్ఫ్ దారి. కరీంనగర్, నిజామాబాద్, వరంగల్ పల్లెల నుంచి ఎడారి దేశాలకు కూలికి వెళ్ళినవారు సెలవులకు వస్తూ సోనీ, అకాయ్, నేషనల్ పానసోనిక్ పెట్టెలు మోసుకొచ్చారు. మూడవది, అందరూ చిన్నచూపు చూసేది, అసెంబుల్డ్ సెట్టు. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీ నుంచి ట్రాన్సిస్టర్లు, కండెన్సర్లు, ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చి, వడ్రంగి చేత చెక్క పెట్టె చేయించి, రేడియో మెకానిక్కు చేత అతికించుకున్న యాంప్లిఫయరు అది. విచిత్రమేమిటంటే నేడు బాగు చేయడానికి వీటన్నిటిలో సులువైనది ఈ అసెంబుల్డ్ సెట్టే. దానిలో వాడిన 2ఎన్3055 ట్రాన్సిస్టరు గానీ, ఎల్ఎ4440 అనే చిన్న యాంప్లిఫయరు చిప్పు గానీ, వాటికి సరిపడే బదులు భాగాలు గానీ ఇప్పటికీ బజారులో దొరుకుతాయి. ఖరీదైన జపాను డెక్కులో ఆ కంపెనీ తన కోసమే చేయించుకున్న చిప్పు ఒకటి పోతే, ఆ సెట్టు మొత్తం అలంకార వస్తువుగా మిగిలిపోతుంది.

సెట్టు ఏ దారిన వచ్చిందో తెలుసుకోవడం ఎందుకంటే, మొదటి అడ్డు గోడ ప్లగ్గు దగ్గరే ఎదురవుతుంది. భారతదేశంలో ఇళ్ళకు వచ్చే కరెంటు 230 వోల్టులు, సెకనుకు 50 ఆవృత్తులు. ఆవృత్తి అంటే కరెంటు ఒకసారి అటూ ఇటూ దిశ మారి తిరిగి మొదటికి రావడం. సౌదీ అరేబియాలో చాలా చోట్ల ఇళ్ళకు 127 వోల్టులు, 60 ఆవృత్తుల కరెంటు ఉండేది; అమెరికాలో 120 వోల్టులు, 60 ఆవృత్తులు; జపానులో 100 వోల్టులు. అందువల్ల బయటి దేశం నుంచి వచ్చిన ఏ సెట్టునైనా ప్లగ్గులో పెట్టే ముందు దాని వెనక పలక మీద రాసిన అంకెలను చదవాలి. గల్ఫ్ బజారు కోసం చేసిన చాలా సెట్లకు వెనక ఒక చిన్న గుండ్రటి మీట ఉంటుంది. దాన్ని స్క్రూడ్రైవరుతో తిప్పి 220 లేదా 240 అంకెకు చేర్చాలి. ఆ మీట లేని 120 వోల్టుల సెట్టుకు, వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరును విడిగా కొనాలి.

అయితే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు వోల్టులను తగ్గిస్తుందే తప్ప ఆవృత్తులను మార్చదు. ఈ మాట మరొకసారి చెప్పుకోవలసినది, ఎందుకంటే అమెరికాలో ఉన్న పిల్లలు అక్కడి పాత సామాను దుకాణంలో కొని పంపిన రికార్డు ప్లేయర్లు ఇక్కడే బోల్తా పడతాయి. కొన్ని రకాల ప్లేయర్ల మోటారు కరెంటు ఆవృత్తిని బట్టే తిరుగుతుంది. 60 ఆవృత్తులకు లెక్క కట్టిన మోటారుకు 50 మాత్రమే అందితే, నిమిషానికి 33 చుట్లు తిరగవలసిన ప్లేటు 28 చుట్లయినా తిరగదు. ఘంటసాల గొంతు హార్మోనియం మీద మూడు మెట్లు కిందికి దిగి, పద్యం ఈడ్చుకుంటూ సాగుతుంది. అటువంటి ప్లేయరుకు మోటారు కుదురు మీద ఉండే చిన్న కప్పీని 50 ఆవృత్తులకు సరిపోయేదిగా మార్చాలి. అది దొరకకపోతే ఆ ప్లేయరును వదిలేయడం మేలు. డీసీ మోటారు ఉన్న ప్లేయర్లకు, టేప్ డెక్కులకు ఈ ఇబ్బంది లేదు.

ఏళ్ళ తరబడి వాడని యాంప్లిఫయరును నేరుగా ప్లగ్గులో పెట్టి స్విచ్చి వేయడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. రేడియో మెకానిక్కుల బల్ల మీద సీరీస్ బోర్డు అనే సాధనం ఒకటి ఉంటుంది: చెక్క పలక మీద ఒక బల్బు హోల్డరు, ఒక సాకెట్టు. కరెంటు ముందు బల్బు గుండా వెళ్ళి, ఆ తరువాతే సాకెట్టులో పెట్టిన సెట్టుకు చేరుతుంది. బల్బు 60 లేదా 100 వాట్ల పాతకాలపు తీగ బల్బే కావాలి, ఎల్ఈడీ బల్బు ఇందుకు పనికిరాదు. స్విచ్చి వేయగానే బల్బు ఒక్క క్షణం ప్రకాశంగా వెలిగి, వెంటనే మసకబారి ఎర్రగా నిలిస్తే లోపల భాగాలు మామూలుగా విద్యుత్తు నింపుకున్నాయని అర్థం. మసకబారకుండా పూర్తి వెలుగుతో మండుతూ ఉంటే లోపల ఎక్కడో షార్టు ఉన్నట్టు. అప్పుడు స్విచ్చి ఆపి మెకానిక్కును పిలవాలి. బల్బు లేకపోయి ఉంటే అదే కరెంటు ట్రాన్స్‌ఫార్మరును కాల్చేది. ఆ పలక తయారు చేయడానికి పట్టే ఖర్చు ఒక సినిమా టికెట్టుకు మించదు గాని, అది కాపాడే ట్రాన్స్‌ఫార్మరు మాత్రం మళ్ళీ దొరకదు.

ప్లగ్గు దగ్గరే ఉండే మరొక అడ్డు ఎర్తింగు. సెట్టు పాడుతూ ఉండగా పాట వెనక గుయ్యిమని ఒక సన్నటి మోత ఆగకుండా వినిపిస్తే చాలామంది యాంప్లిఫయరు పాడైందనుకుంటారు. పాత ఇళ్ళలో ఎర్తింగు కోసం పెరట్లో గొయ్యి తీసి, ఇనుప పైపు దించి, చుట్టూ బొగ్గూ ఉప్పూ నింపేవారు. ఏప్రిల్, మే నెలల్లో వరంగల్ నేల ఎండి పగుళ్ళు తీసినప్పుడు ఆ గొయ్యి కూడా ఎండిపోయి, కరెంటును భూమిలోకి పంపే శక్తిని కోల్పోతుంది. పెరటి గొయ్యిలో రెండు బిందెల నీళ్ళు పోయగానే మోత తగ్గితే, మెకానిక్కుకు ఇవ్వవలసిన డబ్బు మిగిలినట్టే. రికార్డు ప్లేయరు నుంచి వచ్చే సన్నటి ఎర్తు తీగను యాంప్లిఫయరు వెనక ఉన్న మరకు బిగించకపోయినా ఇదే మోత వస్తుంది. ఇవన్నీ చూసిన తరువాత కూడా మోత ఆగకపోతేనే పెట్టె విప్పాలి.

పెట్టె విప్పితే కనిపించేవాటిలో వయసు బయటపడేది కండెన్సర్లలో. కండెన్సరు, అనగా కెపాసిటరు, విద్యుత్తును కాసేపు నిల్వ ఉంచి సమంగా అందించే భాగం. వాటిలో ఎలక్ట్రోలైటిక్ అనే రకం లోపల తడి రసాయనం ఉంటుంది. ఏళ్ళు గడిచిన కొద్దీ అది ఎండిపోతుంది. వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగిన కొద్దీ ఆ భాగపు ఆయుష్షు సగమవుతుందని ఎలక్ట్రానిక్సు వారు వాడే ఒక మోటు లెక్క. 40 డిగ్రీలు దాటే ఊళ్ళో, యాంప్లిఫయరును అద్దాల షోకేసులో పెట్టి, పైన క్రోషే అల్లిక గుడ్డ కప్పి, దాని మీద కొండపల్లి బొమ్మ నిలబెట్టడం మన ఇళ్ళలో మర్యాదగా సాగిన పని. గాలి రంధ్రాలు ఆ గుడ్డ కిందే ఉంటాయి. పై మూత ఉబ్బినట్టుగా గానీ, అడుగున జిగురు కారినట్టుగా గానీ కనిపించే కండెన్సరును తీసి, అదే మైక్రోఫారడ్ విలువ, అంతే లేదా అంతకు కొంచెం ఎక్కువ వోల్టేజీ ఉన్న కొత్తదాన్ని, ప్లస్ మైనస్ దిక్కులు తప్పకుండా వేయించాలి. దిక్కు తప్పితే అది పేలుతుంది. ప్లగ్గు తీసేసిన తరువాత కూడా ఆ పెద్ద కండెన్సర్లలో షాకు కొట్టేంత విద్యుత్తు కాసేపు నిలిచి ఉంటుంది గనుక, ఈ పని చేయి తిరిగిన మెకానిక్కుకే వదలాలి. వాల్వు సెట్ల లోపల వందల వోల్టులు తిరుగుతుంటాయి గనుక వాటి విషయంలో ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి.

వాల్యూము తిప్పినప్పుడు కరకరమని శబ్దం రావడం, ఒక వైపు స్పీకరు పాడి మరొక వైపుది మూగబోవడం చూసి, సెట్టు చచ్చిందని తీర్మానించేవారున్నారు. వాల్యూము మీట లోపల కర్బనపు పూత మీద ఒక చిన్న రేకు జారుతూ ఉంటుంది. ఆ పూత మీద దుమ్ము చేరడమే ఆ శబ్దానికి కారణం. కాంటాక్ట్ క్లీనరు అనే స్ప్రేను లోపలికి కొట్టి, మీటను ఇరవై ముప్పై సార్లు అటూ ఇటూ తిప్పితే చాలాసార్లు సరిపోతుంది. కుట్టుమిషను నూనె పోయడం మాత్రం కూడదు. మొదట నున్నగా తిరిగినా, ఆ నూనె దుమ్మును పట్టి జిగటగా మారుతుంది.

ఈ సందర్భంలో మైకు సెట్ల వారి గురించి ఒక మాట. బతుకమ్మకు, పెళ్ళిళ్ళకు, సభలకు యాంప్లిఫయర్లూ హారన్లూ అద్దెకిచ్చే దుకాణాల వారికి పాత ఆడియో సామాను బాగుచేయడంలో మంచి అనుభవం ఉంటుంది. సెట్టు చూపించడానికి వారు తగినవారు. అయితే వారు వాడే మైకు యాంప్లిఫయరును ఇంటి స్పీకర్లకు తగిలించే ముందు, స్పీకరు తీగలు ఏ మరలకు వెళ్తున్నాయో చూడాలి. దూరంగా ఉన్న హారన్లకు పంపేందుకు ఆ యాంప్లిఫయరుకు 70 వోల్టులు, 100 వోల్టులు అని రాసిన మరలు వేరుగా ఉంటాయి. అవి ఇంటి స్పీకరు కోసం కాదు.

ఇక ముల్లు సంగతి. రికార్డు గాడిలో పరుగెత్తుతూ అక్కడి వంపులను కదలికలుగా పట్టేది ముల్లు. ఆ కదలికలను విద్యుత్తుగా మార్చే చిన్న పెట్టె కార్ట్రిడ్జి. పాత సెట్టును మెరుగుపరచడానికి వంద రూపాయలున్నా, పది వేలున్నా, వాటిలో మొదటి వాటా చెందవలసింది ముల్లుకే. అరిగిన ముల్లు పాటను పాడు చేయడంతో ఆగదు, ప్లేటును కోస్తుంది. ఆ కోత తిరిగి పూడదు. వజ్రపు ముల్లుకు వందల గంటల ఆయువు ఉంటుంది గాని, మన దేశపు చవక ప్లేయర్లలో ఎక్కువగా వచ్చిన నీలమణి ముల్లుకు అందులో చిన్న భాగమే. ముప్పై ఏళ్ళ కింద ఆగిన ప్లేయరులో ఉన్న ముల్లు ఎన్ని గంటలు తిరిగిందో ఎవరికీ తెలియదు గనుక, దాన్ని మార్చడమే తెలివైన పని.

పాత కార్ట్రిడ్జిలలో చాలావాటికి పక్కన ఒక చిన్న మీట ఉండి, దాని ఒక వైపు 78 అని, మరొక వైపు ఎల్.పి. అని రాసి ఉంటుంది. 78 అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే, లక్కతో చేసిన పాత ప్లేటు. దాని గాడి వెడల్పు ఎక్కువ. 1948లో అమెరికాలో మొదలైన ఎల్.పి.లో గాడి చాలా సన్ననిది. ఎల్.పి. ముల్లుతో 78 ప్లేటును పాడిస్తే, ఆ సన్నటి మొన వెడల్పు గాడి అడుగున పడి దొర్లుతూ బరబరమంటుంది. 78 ముల్లుతో ఎల్.పి.ని పాడిస్తే గాడి గోడలు చెక్కుకుపోతాయి. మీట ఏ వైపు ఉందో చూడకుండా ముల్లు దించడమంటే ఇంట్లో ఉన్న ఒకే ఒక్క సుప్రభాతం ప్లేటును పణంగా పెట్టడం.

ముల్లు గాడి మీద మోపే బరువు కూడా చూడవలసినదే. పాత సెరామిక్ కార్ట్రిడ్జిలు 5 గ్రాములు, అంతకు పైన కోరేవి. అయస్కాంతంతో పనిచేసే మాగ్నెటిక్ కార్ట్రిడ్జికి సుమారు 2 గ్రాములు చాలు. పాట ఒకే చోట తిరుగుతూ ఉంటే ముల్లును మోసే చేతి మీద రూపాయి బిళ్ళ పెట్టడం మన ఇళ్ళలో అందరికీ తెలిసిన చిట్కా. 1970లలో వచ్చిన పెద్ద రూపాయి బిళ్ళ బరువు 8 గ్రాములు. అంటే మాగ్నెటిక్ కార్ట్రిడ్జి ముల్లు భరించవలసిన బరువుకు అది నాలుగు రెట్లు అదనం. బంగారం తూచే రకం చిన్న డిజిటల్ త్రాసులు ఇప్పుడు చవకగా దొరుకుతున్నాయి. ఆ త్రాసు నిజం చెబుతుందో లేదో చూసుకోవడానికి పాత పావలా బిళ్ళ ఉపయోగపడుతుంది: 1972 నుంచి 1990 దాకా వచ్చిన రాగి-నికెల్ పావలా 2.5 గ్రాములు. త్రాసు దాన్ని 2.5 దగ్గర చూపితే, ఆ త్రాసు మీదే ముల్లును మెల్లగా ఆనించి బరువు సరిచేసుకోవచ్చు. బిళ్ళ చేయవలసిన సాయం అదీ, ముల్లు చేతి మీద కూర్చోవడం కాదు.

సెరామిక్ కార్ట్రిడ్జిని తీసి మాగ్నెటిక్ కార్ట్రిడ్జిని వేయడం నిజంగా మెట్టు పైకెక్కించే మార్పు. అయితే ఆ మార్పుతో యాంప్లిఫయరు వైపు కూడా ఒక మార్పు కావాలి. రికార్డు కోసేటప్పుడు మంద్రధ్వనులను, అంటే మృదంగం, బేస్ గిటారు వంటివాటిని, తగ్గించి, తారధ్వనులను హెచ్చించి కోస్తారు. అలా చేయకపోతే మంద్రధ్వనులు గాడిని చాలా వెడల్పు చేసి ప్లేటులో పాటకు చోటు మిగల్చవు. 1954 నుంచి ఈ హెచ్చుతగ్గులకు ఆర్.ఐ.ఎ.ఎ. అనే ఒకే ప్రమాణం వాడుకలోకి వచ్చింది. వినేటప్పుడు దాన్ని తిరగదిప్పే పనిని, మాగ్నెటిక్ కార్ట్రిడ్జి ఇచ్చే అతి స్వల్ప విద్యుత్తును పెంచే పనిని యాంప్లిఫయరులో ఫోనో అని రాసిన రంధ్రం చేస్తుంది. ఆక్స్ అని రాసిన రంధ్రం ఈ పని చేయదు. మాగ్నెటిక్ కార్ట్రిడ్జిని ఆక్స్‌లో పెడితే పాట దూరపు వీధిలో నుంచి వస్తున్నట్టు పీలగా, బేస్ లేకుండా వినిపిస్తుంది. అప్పుడు యాంప్లిఫయరు మార్చనక్కరలేదు. ఫోనో ప్రీయాంప్లిఫయరు అనే అరచేతి పెట్టెను మధ్యలో చేరిస్తే చాలు. ముందు అడ్డు తీయాలి, ఆ తరువాతే కొత్తది కొనాలి అన్న మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

తెలుగు పాటలు వినేవారికి ఉపయోగపడే సంగతి ఇంకొకటి ఉంది. 1970ల దాకా వచ్చిన తెలుగు సినిమా పాటల్లో అత్యధిక భాగం మోనో, అనగా ఒకే ధ్వనిమార్గంలో రికార్డయినవి. మోనో ప్లేటులో పాట ముల్లును కుడి ఎడమలకు మాత్రమే ఊపుతుంది. స్టీరియో ముల్లు మాత్రం పైకీ కిందికీ కలిగే కదలికను కూడా పట్టుకుంటుంది. ఆ పై కింది కదలికలో పాట ఉండదు, దుమ్మూ అరుగుదలా చేసే చిటపటలే ఉంటాయి. యాంప్లిఫయరు ముఖం మీద మోనో అని ఒక మీట ఉంటే దాన్ని నొక్కగానే రెండు వైపుల ధ్వని కలిసి, పై కింది కదలిక రద్దయి, చిటపటల్లో చాలా భాగం మాయమవుతుంది. పి. సుశీల పాత ఇ.పి. ఒకటి పెట్టి ఆ మీటను నొక్కుతూ వదులుతూ వింటే తేడా వెంటనే తెలుస్తుంది. అలంకారానికి పెట్టారనుకుని దశాబ్దాల పాటు ఎవరూ ముట్టని మీట అది.

టేప్ డెక్కు గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. లోపలి రబ్బరు బెల్టులు ఏళ్ళ వేడికి కరిగి తారులా అంటుకుంటాయి; వాటిని స్పిరిటుతో పూర్తిగా తుడిచి కొత్త బెల్టులు వేయించాలి. టేపు ఒరుసుకునే హెడ్డును, టేపును లాగే రబ్బరు చక్రాన్ని దూదితో శుభ్రం చేయాలి. ఇవి చేసినా క్యాసెట్టు గొంతు వణుకుతూ ఉంటే ఆ డెక్కు మీద ఇంకా డబ్బు పోయడం దండగ. రేడియో భాగం, అనగా ట్యూనరు, జపాను దేశంలో వాడకానికి చేసినదైతే దాని ఎఫ్.ఎం. పట్టీ 76 నుంచి 90 దాకానే ఉంటుంది, 103.5 మీద వచ్చే వరంగల్ ఆకాశవాణి అందులో దొరకదు. మన దేశంలో ఎఫ్.ఎం. ప్రసారం 1977లో మద్రాసులో మొదలైంది గనుక, అంతకు ముందటి దేశీయ సెట్లలో మీడియం వేవ్, షార్ట్ వేవ్ మాత్రమే కనిపించడం సహజం.

స్పీకర్ల విషయానికి వస్తే, ముందు వాట్ల భ్రమ వదలాలి. 1990లలో టూ-ఇన్-వన్ల మీద వెయ్యి వాట్లు పి.ఎం.పి.ఓ. అని మెరుపు కాగితాలు అంటించేవారు. అది ఒక క్షణం పాటు కాగితం మీద వచ్చే లెక్క. ఆగకుండా ఇవ్వగలిగే శక్తిని చెప్పేది ఆర్.ఎం.ఎస్. అంకె. ఆ అంకెలో కూడా 25 వాట్ల నుంచి 50 వాట్లకు మారితే చెవికి తెలిసే పెరుగుదల స్వల్పం, 3 డెసిబెళ్ళు మాత్రమే. ధ్వని రెట్టింపైనట్టు తోచాలంటే శక్తి ఇంచుమించు పది రెట్లు కావాలి. కాబట్టి రెట్టింపు వాట్ల కోసం మంచి పాత యాంప్లిఫయరును అమ్ముకోవడం నష్టపు బేరం.

స్పీకరులో కాగితపు శంకువు అంచు చుట్టూ ఉండే మెత్తటి వలయాన్ని వేలితో తాకి చూడాలి. అది స్పాంజి రకమైతే వేడికీ వాన కాలపు తేమకూ పొడిపొడిగా రాలుతుంది. బట్ట గానీ రబ్బరు గానీ అయితే ఎక్కువ కాలం నిలుస్తుంది. స్పాంజి రాలిన స్పీకరును పారేయనక్కరలేదు, వలయాన్ని మార్చి అతికించేవారున్నారు. ఆ తరువాత తీగల దిక్కు చూడాలి. ఒకటిన్నర వోల్టుల టార్చి సెల్లును స్పీకరు తీగలకు ఒక్క క్షణం తాకిస్తే శంకువు ముందుకో వెనక్కో కదులుతుంది. ముందుకు కదిలినప్పుడు సెల్లు ప్లస్ కొన తాకిన తీగే స్పీకరు ప్లస్. రెండు స్పీకర్లనూ ఇలా చూసి, రెండిటి ప్లస్‌లను యాంప్లిఫయరు ప్లస్‌లకే కలపాలి. ఒకటి తిరగబడితే ఒక శంకువు గాలిని నెడుతున్నప్పుడు రెండవది లాగుతుంది; బేస్ కరిగిపోతుంది, గాయకుడి గొంతు ఎక్కడి నుంచి వస్తున్నదో తెలియకుండా గదంతా చెదిరిపోతుంది. బేస్ లేదని కొత్త స్పీకర్లు కొన్న ఇళ్ళలో కొన్నిటికైనా రెండు తీగలు అటూ ఇటూ మారిస్తే సరిపోయేది.

చివరి అడ్డు గది. షాబాదు బండల నేల, సున్నం వేసిన నునుపైన గోడలు, కాంక్రీటు పైకప్పు ఉన్న గదిలో ఒకసారి చప్పట్లు కొడితే వెనక ఝణత్కారం వంటి చిన్న ప్రతిధ్వని వినిపిస్తుంది. ప్రతి పాట మీదా ఆ ప్రతిధ్వని పరుచుకుంటుంది. దీనికి మందు ఊళ్ళోనే, వరంగల్ కొత్తవాడ మగ్గాల మీద ఉంది. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానాను స్పీకర్లకూ వినేవారికీ నడుమ నేల మీద పరిస్తే చప్పట్ల ప్రతిధ్వని తగ్గుతుంది. పలచటి నూలు జంపఖానా పై స్థాయి ధ్వనులనే పీల్చుకుంటుందన్నది నిజం; రెండు మడతలుగా పరిచినా, ఎదుటి గోడకు రెండంగుళాల ఖాళీ విడిచి వేలాడదీసినా ఫలితం ఇంకా మెరుగు. బేస్ గుమ్మని మోగే ఇబ్బందికి జంపఖానా సరిపోదు, స్పీకర్లను మూలల నుంచి ఒకటి రెండు అడుగులు ఇవతలికి జరపాలి. రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరమో, వాటి నుంచి కుర్చీకీ ఇంచుమించు అంతే దూరం ఉండాలి.

రికార్డు ప్లేయరును స్పీకరు ఉన్న బల్ల మీదే పెడితే స్పీకరు అదురు ముల్లుకు చేరి, ముల్లు నుంచి మళ్ళీ స్పీకరుకు చేరి, సెట్టు ఊళ పెడుతుంది. దీనికీ స్థానికమైన ఉపాయం ఉంది. వంటింటి గట్టుకు పరచగా మిగిలిన గ్రానైటు ముక్కను రాతి పని వారి దగ్గర నుంచి తెచ్చి, దాని కింద నాలుగు మూలలా సైకిలు ట్యూబు ముక్కలు పెట్టి, ఆ రాయి మీద ప్లేయరును నిలపాలి. రాయి ఒక్కటే సరిపోదు. బరువు రాయిదైతే, అదురును మింగే పని రబ్బరుది.

ఇన్ని అడ్డులూ తీసిన తరువాత, అప్పటికీ మనసు ఒప్పకపోతే, కొత్త స్పీకర్ల కోసం హైదరాబాదుకు టికెట్టు తీసుకోవచ్చు. చాలామందికి ఆ అవసరం రాదు.

ప్లేట్ల జాగ్రత్తతో ఈ ప్రసంగం ముగుస్తుంది. వి.ఎ.కె. రంగారావు వంటి సేకర్తలు వేల సంఖ్యలో కూడబెట్టిన 78 ప్లేట్లు లక్కతో చేసినవి. స్పిరిటు తగిలితే లక్క కరుగుతుంది. వాటిని మంచినీళ్ళలో ఒక చుక్క మెత్తటి సబ్బు కలిపి, గాడి వెంట మెత్తని గుడ్డతో తుడిచి, లేబులు తడవకుండా నీడన ఆరబెట్టాలి. ఎల్.పి.లను కూడా అలాగే కడగవచ్చు. ఏ ప్లేటునూ ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు, పుస్తకాల లాగా నిలువుగా పెట్టాలి. పై అంతస్తులో స్లాబు కింద ఉన్న గది, పడమటి ఎండ తగిలే గోడ వేసవిలో ప్లేట్లకు పనికిరావు. వంగిన ఎల్.పి.ని రెండు అద్దాల నడుమ పెట్టి ఎండలో ఉంచితే సరి అవుతుందని చెప్పే చిట్కా ఒకటి ప్రచారంలో ఉంది. వేడి కాస్త ఎక్కువైతే వంపుతో పాటు గాడిలోని పాట కూడా చదునవుతుంది గనుక, కొద్దిగా వంగిన ప్లేటును వంగినట్టే పాడించుకోవడం మంచిది.